మూడు కూతలు, ఒక తాళంచెవి

ఉదయం తొమ్మిదింపావుకి నీటి పరీక్షల గదిలో అందరూ ఒక్క నిమిషం నోరు మూసుకుంటారు. అది ప్రార్థనా కాదు, సంతాపమూ కాదు. కిటికీ పక్క బల్ల మీద పన్నెండేళ్ల వయసున్న ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. దాని బటన్ నొక్కిన మనిషి వంగి, చెవి దానికి ఆనించి వింటాడు. ఫ్యాను గరగరమని, తెర మీద వెలుగొస్తే ఆ రోజుకి గండం గడిచినట్టే. అలా కాక తెర నల్లమొహం వేసుకునే ఉండి, లోపలినుంచి కీచుమని మూడు కూతలు వినిపిస్తే ఆయన తల పైకెత్తి, పాలు విరిగాయని చెప్పే ఇల్లాలిలా, "లేవలేదు" అంటాడు. అందరూ మళ్లీ ఎక్కడ వదిలిన మాట అక్కడ అందుకుంటారు.

ఆయన్ని ఆఫీసులో కూతల బాబాయి అంటారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆయనకి కోపం రాదు. ముప్పై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో తన పేరుతో పిలిపించుకున్న సందర్భాలు రెండే: చేరిన రోజు, సంజాయిషీ అడిగిన రోజు. వాటితో పోలిస్తే కూతలే నయం.

లేవని ల్యాప్‌టాప్‌ని లేపడానికి ఆయన దగ్గర ఓ వైద్యం ఉంది. ఛార్జర్ పీకేయడం, బ్యాటరీ ఊడదీయడం, బటన్‌ని ముప్పై అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకోవడం, తిరగేసి అరచేత్తో రెండు తట్లు తట్టడం. అప్పటికీ మొరాయిస్తే సూక్ష్మజీవుల్ని పెంచే ఇంక్యుబేటర్ మీద ఇరవై నిమిషాలు వెచ్చగా పడుకోబెట్టడం. ఒక్కోసారి మొదటి తట్టుకే లేచేది. ఒక్కోసారి మధ్యాహ్నం భోజనాల దాకా బతిమాలించుకునేది. ఇంత బతిమాలడం ఎందుకంటే, గది మధ్యలో ఉన్న పెద్ద యంత్రం, నీళ్లలో సీసం ఎంత, ఇనుము ఎంత అని కొలిచేది, ఈ ఒక్క ల్యాప్‌టాప్‌తోనే మాట్లాడుతుంది. అలిగిన ఆడపడుచు ఇంట్లో ఒక్కరితోనే మాట్లాడినట్టు. కొత్త కంప్యూటర్లకి దాని వెడల్పు మూతి కేబుల్ పట్టదు. ఆ యంత్రం చేసిన కంపెనీ మూతపడి చాలాకాలమైంది. కొత్త యంత్రం కొనాలంటే అనుమతులిచ్చేవాళ్లు రిటైరయ్యేలోపు జరిగే పని కాదు.

ఇరవై రెండేళ్ల వయసులో ఆయన ఇక్కడ సీసాలు కడగడానికి చేరాడు. సీసా కడిగినవాడికి కొలత రాయడం అప్పగించారు, చేతిరాత బావుందని. అక్కడినుంచే ఆయన తలనొప్పి మొదలైంది. ఒకప్పటి ఆఫీసరు ఒకసారి ఓ ఫ్యాక్టరీ పక్క బావినీటి కాగితం చూసి, "ఈ నాలుగుని మూడు చెయ్యవయ్యా, ఎవరి ప్రాణం పోతుంది" అన్నాడు. ఈయన వినయంగానే, "నాకు కనబడింది నాలుగండి. మూడు కనబడినవాళ్లెవరన్నా ఉంటే వాళ్లచేత రాయించండి" అన్నాడు. ఫలితంగా మూడేళ్లు స్టోరు గదిలో సీసాలు లెక్కబెట్టాడు. దీన్ని నిజాయితీ అని, విలువలని పొగిడితే ఆయన మొహం చిట్లిస్తాడు. నిజానికి అది సుగుణం కాదు, చేతికి పట్టుకున్న అలవాటు. కొందరు గోళ్లు కొరుకుతారు, ఈయన కనబడింది రాస్తాడు. మానడం రెండూ కష్టమే.

స్టోరు గదినుంచి ఆయన వెంట తెచ్చుకున్న ఆస్తి ఒక ఇత్తడి తాళంచెవి. పరీక్షల గది మొత్తానికి తాళం పడే బీరువా ఒక్కటే ఉంది, ఆ చెవి దానిదే. పై అరల్లో యాసిడ్ సీసాలు, కింది అర ఖాళీ. యాసిడ్‌కి తాళం వేసి ఉంచాలని రూలు. ఏడేళ్ల కిందట బల్లమీది కాలిక్యులేటర్లు రెండు మాయమైతే, చివరగా గది మూసినవాడని ఈయన్నే సంజాయిషీ అడిగారు. ఆ మర్నాటినుంచి ప్రతి సాయంత్రం ల్యాప్‌టాప్‌ని పాత తువ్వాలులో చుట్టి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు ఆ కింది అరలో పెట్టి, తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి ఇంటికెళ్లేవాడు. తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నంత భద్రంగా చొక్కా లోపలి జేబులో ఉండేది.

రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో నలుగురు మాట్లాడారు. ఆయన లేని లోటు తీరనిదని నలుగురూ అన్నారు. సాధారణంగా ఇలాంటి మాటలకి సాక్ష్యం అక్కర్లేదు. ఈసారి మాత్రం మర్నాడు తొమ్మిదింపావుకే మూడు కూతలు పడ్డాయి. పదింటికల్లా ఆయన ఇంటిముందు ఆఫీసు జీపు ఆగింది. ఆయన పదవీ విరమణ జీవితం ఒక స్నానం, ఒక కాఫీతో ముగిసింది. అప్పట్నుంచి ఆర్నెల్లకోసారి పొడిగింపు. ఫైల్లో ప్రతిసారీ ఒకటే వాక్యం: "సదరు ల్యాప్‌టాప్‌ను ప్రారంభించగల ఏకైక వ్యక్తి అయినందున."

ఆ వాక్యం వల్ల ఎక్కువ లాభపడింది ఆయన భార్య. ఇంటి ముందుగది ఆమె కుట్టుపని గది. పగలంతా గుడ్డలు, కొలతలు, వచ్చేపోయే ఆడవాళ్లు. ఉన్న ఒక్క కుర్చీ బేరానికి వచ్చినవాళ్లది. ఆదివారాలు ఆయన ఇనప్పెట్టె మీద కూచుని, ఆమె దారం బిగువు గురించి సలహాలిచ్చేవాడు.

"మీరు వారానికి ఆర్రోజులు ఆఫీసుకి వెళ్లబట్టే ఈ కాపురం నిలబడింది," అనేది ఆమె దారం పళ్లతో తెంపుతూ. "ఏడోరోజు కూడా ఎవరన్నా పిలిస్తే బావుణ్ణు."

"నీకు నేను అక్కర్లేదన్నమాట."

"కావాలి. సాయంత్రం ఆరుకి."

ఇందులో వేళాకోళం ఎంతో, నిజం ఎంతో ఆయన కొలిచి చూసుకున్నాడు. నిజం పాలే ఎక్కువ. తొమ్మిది నుంచి ఐదు దాకా తనకి ఈ లోకంలో ఉన్న చోటు ఆ కిటికీ పక్క బల్ల ఒక్కటే. ఆ బల్లకి తనని కట్టి ఉంచింది ఓ మూలుగుతున్న డబ్బా. అది పూర్తిగా చచ్చినా తన పని అయిపోయినట్టే, పూర్తిగా బాగుపడినా అయిపోయినట్టే. అటూ ఇటూ కాకుండా ఉన్నంతకాలం తన బతుక్కి ఢోకా లేదు. ఇంత స్పష్టంగా ఆయన ఎప్పుడూ అనుకోలేదు. కానీ పొడిగింపు దగ్గరపడే నెలల్లో మూడు కూతలు వినబడితే గుండె దడ బదులు ఓ నిబ్బరం కలగడం మాత్రం గమనించాడు.

కూతలన్నీ ఓ పొడుగు రిజిస్టరులో రాసేవాడు. తేదీ, వాన, ఎండ, గది వేడి, కూతలు, చేసిన వైద్యం, ఫలితం, చివరగా "ఇతర విషయాలు". నాలుగేళ్లలో మూడు రిజిస్టర్లు నిండాయి. ఆఫీసులో ఎవరి సిద్ధాంతాలు వాళ్లకుండేవి. ఆదివారం పడుకున్నది సోమవారం లేవదని టైపిస్టు. లోపల బల్లి కాపురం పెట్టిందని వాచ్‌మన్. కరెంటు హెచ్చుతగ్గులని పెద్దాఫీసరు, ఆయన దేనికైనా అదే కారణం చెబుతాడు. అన్నీ "ఇతర విషయాలు" కింద ఎక్కించేవాడు, బల్లితో సహా. ఆ గదిలో శాస్త్రం చదువుకున్న అయిదుగురు డిగ్రీలవాళ్లు రోజూ పొద్దున్నే ఓ పెట్టెని తట్టి లేపడం చూస్తూ, దాన్ని లేపే చెయ్యి మహత్తుగలదని నమ్మేశారు. మూఢనమ్మకం చదువురానివాళ్ల సొత్తని అనుకునేవాళ్లు ఆ గదికి ఓసారి వచ్చి వెళ్లాల్సింది. ఆ రిజిస్టరు మాత్రం ఎవరూ చదివేవాళ్లు కాదు.

చదివింది కొత్తగా వచ్చిన కెమిస్టు. ముప్పై దాటని అమ్మాయి, తక్కువ మాటలది. గదిలో ఉన్న రిజిస్టర్లన్నిటి మీదా శనివారం శనివారం కెమిస్టు "చూశాను" అని రాసి సంతకం పెట్టాలని ఎప్పటిదో ఓ రూలుంది. మిగతావాళ్లు మూసిన పుస్తకాల్ని చూసి సంతకం పెట్టేవాళ్లు. ఈమె తెరిచి చూసింది.

"బాబాయ్ గారూ, ఇదెవరి చేతిరాత?" అంది ఓ పేజీ మీద వేలు పెట్టి.

పోయినేడు ఆయన జ్వరంతో ఆఫీసునుంచి మధ్యాహ్నమే ఇంటికెళ్లి, ఆదివారాలు పోను తొమ్మిది రోజులు మంచం పట్టాడు. ఆ తొమ్మిది రోజులూ టైపిస్టు రాసింది. లేచింది. లేచింది. లేచింది. ఈరోజు కూడా లేచింది. అలా తొమ్మిది వరసలు.

"అదా," అన్నాడు ఆయన, కాస్త చిన్నబోయి. "కొత్తవాళ్ల చేతిలో బుద్ధిగానే ఉంటుందమ్మా. చుట్టాలింటికెళ్లిన పిల్లల్లాగా. మన దగ్గరే దాని వేషాలన్నీ."

ఆమె నవ్వలేదు. "మెకానిక్‌ని పిలుద్దామా ఓసారి?"

మెకానిక్ రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ ఆయన చేతిలో సంచీ కింద పెట్టకముందే ల్యాప్‌టాప్ చక్కగా లేచి కూచుంది. డాక్టరు గుమ్మం చూడగానే తగ్గిపోయే పంటినొప్పిలా. రెండోసారి మెకానిక్ వెళ్తూ వెళ్తూ, "దీనికేం రోగం లేదు సార్. ఉంటే మీకే ఉండాలి" అన్నాడు. బాబాయి ఆ మాట కూడా "ఇతర విషయాలు"లో రాసుకున్నాడు. తర్వాత చూస్తే ఆ రిజిస్టరు మొత్తంలో రోగానికి దగ్గరగా వచ్చిన మాట అదొక్కటే.

మూడోసారి కెమిస్టు తెలివిగా సోమవారం పొద్దున తొమ్మిదింటికే రమ్మంది. మూడు కూతలు పడ్డాయి. మెకానిక్ అపరాధి దొరికిన పోలీసులా సంబరపడిపోయి వెనకమూత మరలు విప్పి, ర్యామ్ అనే పచ్చటి పలకని లాగి వెలుగులో పట్టుకున్నాడు.

"ఇదేంటి సార్, సముద్రంలో పెంచుతున్నారా దీన్ని? చిలుము చూడండి."

పలక అంచున వరసగా ఉన్న సన్నటి గీతల మీద, పాత చెంబు అడుగున పట్టినట్టు, ఆకుపచ్చ మరకలు. మెకానిక్ టైపిస్టు దగ్గర పెన్సిలు రబ్బరు అడిగి, ఆ గీతల్ని పిల్లలు తప్పు లెక్క చెరిపినట్టు చెరిపి, ఊది, మళ్లీ బిగించాడు. ఒక్క నొక్కుకి లేచింది.

"అంతేనా?" అన్నాడు బాబాయి. నాలుగేళ్ల వైద్యం పక్కన ఓ రబ్బరు ముక్క.

"అంతే. కానీ పెట్టే చోటు మార్చండి. ఏదో ఆవిరి తగుల్తోంది దీనికి. ఇవాళ ర్యామ్‌కి పట్టింది, రేపు బోర్డుకి పట్టిందంటే ఇక పాతసామాన్ల కొట్టుకే."

ఆ సాయంత్రం ఆయన ల్యాప్‌టాప్‌ని తువ్వాలులో చుట్టి బీరువా ముందు మోకాళ్ల మీద కూచున్నాడు. తాళంచెవి బయటికి తీశాడు. దాని పళ్ల సందుల్లో ఆకుపచ్చ చిలుము. ఇన్నేళ్లుగా చూస్తున్నదే, ఇవాళే కనబడింది. బీరువా మడతబందులు తుప్పుపట్టి పొరలు పొరలుగా లేస్తున్నాయి. తలుపు తెరవగానే ముక్కుకి తగిలే ఘాటు, తనకి దశాబ్దాలుగా ఉద్యోగం వాసన. పై అరలో గాజుమూతల యాసిడ్ సీసాల మెడల చుట్టూ తెల్లటి బూడిదలాంటి పొర. సరిగ్గా దాని కింద, తువ్వాలు మడతల్లో, తను రోజూ జోకొట్టి పడుకోబెట్టిన పసిది.

లేచి టైపిస్టు దగ్గరికెళ్లాడు. ఆమె సంచీ సర్దుకుంటోంది.

"నాకు జ్వరమొచ్చినప్పుడు దీన్ని ఎక్కడ పెట్టేదానివమ్మా, సాయంత్రాలు?"

"ఎక్కడ పెడతాను? తాళంచెవి మీ జేబులో, మీరు మంచంలో. బల్లమీదే ఉంచి పైన పేపరు కప్పేదాన్ని." ఆమె భయపడింది. "ఏం, ఏమన్నా పోయిందా?"

"లేదులే. దొరికింది."

ఇంకొకరైతే అక్కడితో నమ్మేసేవారు. ఈయన పరీక్షల గది మనిషి, రెండోవైపు కూడా చూడందే నమ్మడు. రెండువారాలు ల్యాప్‌టాప్‌ని బల్ల మీదే ఉంచాడు. రోజూ లేచింది. తర్వాత మళ్లీ బీరువాలో పెట్టడం మొదలుపెట్టాడు. ఎనిమిదో రోజు మూడు కూతలు పడ్డాయి. మూత విప్పి చూస్తే సన్నగా ఆకుపచ్చ. తను దోషినని ఇంత శ్రద్ధగా రుజువు చేసుకున్న ముద్దాయి బహుశా మరొకడుండడు.

పొడిగింపు గడువు ఇంకో పది రోజుల్లో ఉంది.

ఆ రాత్రి కాదు, మర్నాడు ఆదివారం పొద్దున, భార్య రవికె చేతులు కుడుతుండగా ఇనప్పెట్టె మీద కూచుని మొత్తం చెప్పాడు.

"నేను చెప్పకపోతే ఎవరికీ తెలీదు," అన్నాడు చివర్న.

"చెప్పకండయితే."

"చెబితే ఇంక రమ్మనరు."

"రమ్మనకపోతే ఈ పెట్టె మీదే కూచుంటారు. రోజూ." ఆమె మిషను ఆపి ఆ దృశ్యం ఊహించుకుంది. "చెప్పకండి. నా మాట వినండి."

ఆయన తల దించుకుని నేల మీద పడిన దారప్పోగు ఒకటి ఏరాడు.

"రాసేశారా ఏంటి?"

"నిన్ననే, పెద్దాఫీసరుకి. కారణం: యాసిడ్ ఆవిరి. పెట్టినది: నేను. ఏడేళ్లు."

"మరి నన్నడిగేది సలహా కాదన్నమాట," అంది ఆమె, మళ్లీ మిషను తిప్పుతూ. "ఓదార్పు. అది సాయంత్రం ఆరుకి."

పెద్దాఫీసరు ఆ కాగితం చదివి చాలా సంతోషించాడు. తను చెప్పిన కరెంటు హెచ్చుతగ్గులు కాదని తేలినందుకు కొంచెం నొచ్చుకున్నా, పెద్దమనసుతో దిగమింగాడు. ఇకనుంచి ఎవరు నొక్కినా లేస్తుంది కాబట్టి, ఏకైక వ్యక్తి అవసరం లేదు కాబట్టి, పొడిగింపు లేదు. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. అది గౌరవం. ఆ తర్వాత ఇంకో కాగితం మీద సంతకం పెట్టాడు. అది ఉత్తర్వు: సక్రమంగా పనిచేయుచున్న విలువైన పరికరమైనందున ల్యాప్‌టాప్‌ను ప్రతి సాయంత్రం తాళం గల బీరువాలో భద్రపరచవలెను.

బాబాయి దాన్ని రెండుసార్లు చదివాడు. "సార్, ఆ బీరువా వల్లే కదండీ."

"ఏమిటి?"

"రోగం. బీరువాలో పెట్టడం వల్లే వచ్చింది. కాగితంలో రాశాను."

"చదివాను. బాగా రాశారు." ఆఫీసరు ఓపిగ్గా ముందుకు వంగాడు. "చూడండి, నిన్నటిదాకా అది పాడైన సరుకు. కూతలేసేదాన్ని దొంగ కూడా ముట్టుకోడు. ఇప్పుడు బాగుపడింది. బాగున్న వస్తువు బల్లమీద వదిలేసి, పోతే జవాబు ఎవరు చెప్పాలి?"

"పోనీ యాసిడ్ సీసాలు బయట పెడితే?"

"యాసిడ్‌కి తాళం వేయాలని మీకు తెలియంది కాదు."

"ఇంకో బీరువా?"

"రాసి పంపాం." అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

తాళంచెవి అప్పగించి రసీదు తీసుకున్నాడు. రసీదులో కెమిస్టు "ఇత్తడి తాళంచెవి ఒకటి" అని రాస్తే, ఆయన అడిగి "చిలుము పట్టినది" అని చేర్పించాడు. కనబడింది రాయకుండా వెళ్లలేక.

ఇంట్లో మొదటి వారం నిద్రతో గడిచింది. రెండో వారం భార్య విప్పమన్న కుట్లు విప్పాడు, బొత్తాలు రంగుల వారీగా సీసాల్లో పోశాడు, ఆ సీసాలు కడిగి మరీ. మూడో వారం ఆమె కుట్టుమిషను పక్కన ఓ కొత్త నోటుబుక్ కనబడింది. తేదీ, దారం రంగు, తెగినసార్లు, సూది నంబరు, ఇతర విషయాలు. ఆ చివరి వరసలో, "కుట్టేటప్పుడు మాట్లాడితే ఎక్కువ తెగుతోంది" అని ఉంది.

ఆమె పుస్తకం మూసి, ఆయన ఒళ్లో పెట్టింది. "ఏమండీ, నా మిషను జోలికొస్తే నేనూ మూడు కూతలేస్తాను."

ఇరవై మూడో రోజు తొమ్మిదిన్నరకి ఫోను మోగింది. కెమిస్టు.

"బాబాయ్ గారూ, మూడు."

"ఎన్నాళ్లనుంచి బీరువాలో ఉంది?"

"ఉత్తర్వు వచ్చిన రోజునుంచీ."

"రబ్బరు ఉందిగా అమ్మా. ఎలా తుడవాలో నువ్వు చూశావు."

"చూశాను. కానీ మూత విప్పే అధికారం నాకు లేదట. ఏకైక వ్యక్తి మీరేనని ఫైల్లో ఉందట కదా. అది ఇంకా కొట్టేయలేదట." ఆమె గొంతు ఎప్పటిలాగే నిదానంగా ఉంది. "జీపు బయల్దేరింది."

ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకునేసరికి భార్య భోజనం డబ్బా సర్ది గుమ్మంలో నిలబడి ఉంది. అంత తొందరగా ఆమె ఏ పెళ్లికూతురి రవికె కూడా కుట్టివ్వలేదు.

ఈసారి ఆర్నెల్ల గడువు లేదు. "తదుపరి ఉత్తర్వుల వరకు" అని రాశారు. ఆ ఆఫీసులో అంతకంటే శాశ్వతమైన ఉద్యోగం లేదు. తాళంచెవి మళ్లీ ఆయన జేబులోకి వచ్చింది. రోజూ సాయంత్రం ఉత్తర్వు ప్రకారం ల్యాప్‌టాప్ బీరువాలోకి వెళ్తుంది. వారానికో, పదిరోజులకో మూడు కూతలు పడతాయి. ఆయన మూత విప్పి, రబ్బరుతో చెరిపి, బిగించి, రిజిస్టరులో రాస్తాడు. కారణం: బీరువా. వైద్యం: రబ్బరు. తట్టడాలు, ఇంక్యుబేటర్ మీద పడుకోబెట్టడాలు మానేశాడు. వాచ్‌మన్‌కి మాత్రం ఇది నచ్చలేదు. పాత వైద్యంలో ఉన్న మహిమ ఈ రబ్బరులో లేదని అతని ఫిర్యాదు.

ఓ ఆదివారం భార్య అంచు మడిచి కుడుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"మీ బల్లకి సొరుగు ఉందా?"

"ఉంది."

"ల్యాప్‌టాప్ పడుతుందా అందులో?"

"పడుతుంది."

"దానికో తాళం కొని బిగిస్తే పోలా? తాళం వేసినట్టూ ఉంటుంది, యాసిడ్ తగలనట్టూ ఉంటుంది. మీ ఆఫీసరు కూడా కాదనడానికి ఉండదు." అక్కడికి ఆమె చెయ్యి ఆగింది. తను ఏమన్నదో తనకే వినబడినట్టు ఆయన వంక చూసింది. తర్వాత మిషను మామూలు కంటే గట్టిగా తిప్పడం మొదలుపెట్టింది.

ఆయన ఆ మాట ఆమెకంటే చాలాముందే, రెండోసారి జీపులో వెళ్లిన రోజే, అనుకున్నాడు. సోమవారం ఆఫీసుకి పోతూ ఇనప సామాన్ల కొట్టు దగ్గర ఆగి ఓ చిన్న తాళం, గొళ్లెం, నాలుగు మరలు కొన్నాడు. మరలు ఇత్తడివి వద్దని మరీ చెప్పాడు. కాగితం పొట్లం సంచిలో భోజనం డబ్బా పక్కన పెట్టుకున్నాడు. స్క్రూడ్రైవరు ఆఫీసులో ఉండనే ఉంది. పని పది నిమిషాలది.

సోమవారం నీళ్ల నమూనాలు ఎక్కువొచ్చాయి. మంగళవారం బల్ల చెక్క గట్టిదేమో, ముందు మేకుతో గుచ్చి చూడాలనిపించింది. బుధవారం మేకు లేదు. బోర్డుదాకా చిలుము వచ్చిందంటే ఆ క్షణమే బిగించేస్తానని గురువారం తనకి తనే మాటిచ్చుకున్నాడు, మూత విప్పి చూస్తే ఇంకా రాలేదు. ఇనప పొట్లం మోస్తూ రోజూ ఇంటికీ ఆఫీసుకీ తిరుగుతుంటే సంచీ పట్టీ భుజానికి ఒరుసుకుంటోంది. ఓ అబద్ధపు అంకె రాయమంటే రాయనని మూడేళ్లు స్టోరు గదిలో కూచున్న మనిషి ఇతనే. ఆ మాట ఆయనకే గుర్తొచ్చి, గురువారం భోజనం డబ్బా సగం నిండుగానే ఇంటికెళ్లింది.

శుక్రవారం సాయంత్రం రిజిస్టరు తెరిచాడు. ఆ రోజు కూతల్లేవు. లేచింది, అని రాశాడు. కలం మూత పెట్టబోయి ఆగాడు. "ఇతర విషయాలు" ఖాళీగా ఉంది. అక్కడ తన ముత్యాల్లాంటి చేతిరాతతో రాశాడు: సొరుగుకి తాళం కొన్నాను. సంచిలో ఉంది.

శనివారం మధ్యాహ్నం కెమిస్టు రిజిస్టర్లన్నీ ముందేసుకుని కూచుంది. ఆయన కిటికీ దగ్గర సీసాలు కడుగుతున్నాడు, కడగాల్సినవి కాకపోయినా. ఒక్కో పుస్తకం తెరుచుకోవడం, మూతపడటం వినబడుతూనే ఉంది. ఓ పుస్తకం దగ్గర కాస్త ఎక్కువసేపు పట్టింది. తర్వాత అదీ మూతపడింది.

సోమవారం ఆయన అందరికంటే ముందొచ్చి పేజీ తీశాడు. ఆ వాక్యం పక్కన ఎర్రసిరాతో ఓ చిన్న టిక్కు ఉంది. కింద ఎప్పటిలా, "చూశాను", సంతకం, తేదీ.

సంచిలోని పొట్లం బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. సొరుగు లాగి చూశాడు. అందులో పాత కాగితాలు, ఓ అరిగిపోయిన రబ్బరు. గొళ్లెం చెక్కకి ఆనించి, మర ఎక్కడ పడాలో పెన్సిలుతో చుక్క పెట్టాడు. అంతలో టైపిస్టు వచ్చింది, వాచ్‌మన్ వచ్చాడు, కెమిస్టు వచ్చింది. ఆమె బల్లమీది గొళ్లెం వంకా, ఆయన వంకా చూసి, తన కుర్చీ వైపు వెళ్తూ ఎవరితోనో అన్నట్టు అంది.

"బాబాయ్ గారూ, తొమ్మిదింపావు అవుతోంది."

ఆయన పొట్లం సంచిలో పెట్టేశాడు. బీరువా తెరిచి, తువ్వాలు విప్పి, బటన్ నొక్కి, వంగి చెవి ఆనించాడు. గది అంతా నోరు మూసుకుంది.